పాత కోత మిషనుకు పార్టులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గరి పల్లె. ఉద్యోగరీత్యా నేను చెన్నై కొళత్తూరులో ఉంటున్నాను. మా నాన్నగారు పంజాబులో తయారైన టైర్ల కంబైనును (కోత, నూర్పిడి కలిపి చేసే మిషనును) సెకండ్‌హ్యాండ్‌లో కొని ఊళ్లో నడిపిస్తున్నారు. దానికి ఇరవై ఏళ్లు దాటాయి. ఆ మోడలు ఆగిపోయిందని, పార్టులు ఇక రావని డీలరు చెప్పేశారు. పాత ఇనుముకు అమ్మేయమని బంధువులు అంటున్నారు. చెన్నైలో వెతికితే పార్టులు దొరుకుతాయా? ఎక్కడ, ఎలా అడగాలి?
– ఒక పాఠకుడు, కొళత్తూరు

జవాబు: అమ్మకం మాట కొంతకాలం పక్కన పెట్టండి. మోడలు ఆగిపోయిందని డీలరు చెప్పినప్పుడు, ఆ మోడలు పేరుతో తన దగ్గరికి సరుకు రావడం లేదని మాత్రమే అర్థం చేసుకోవాలి. కంబైన్ల కంపెనీలు బేరింగులను, బెల్టులను, చైన్లను, ఆయిల్ సీళ్లను సొంతంగా తయారు చేసుకోవు. ఇంజను కూడా చాలావరకు బయటి కంపెనీదే. అవన్నీ ప్రామాణిక కొలతల్లో మార్కెట్లో దొరికే వస్తువులు. కంబైను పేరు చెప్పి అడిగితే దుకాణదారుడు లేదంటాడు, నంబరు చెప్పి అడిగితే అదే వస్తువును అర నుంచి తీసి ఇస్తాడు. అందువల్ల చెన్నైలో తిరగడానికి ముందు ఊళ్లో మిషను దగ్గర ఒక రోజు కూర్చుని, వెర్నియర్ కాలిపరుతో, టేపుతో కొలిచి, ప్రతి పార్టు నంబరును ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఈ పని మెకానిక్‌కు వదిలేయకుండా మీరే చేస్తే మంచిది, ఎందుకంటే మెకానిక్ మారినా ఆ పుస్తకం మీ దగ్గరే ఉంటుంది.

బేరింగు నంబరులో చివరి రెండంకెలను ఐదుతో హెచ్చవేస్తే షాఫ్టు కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 6207 అంటే లోపలి రంధ్రం 35 మి.మీ. ఈ లెక్క 04 నుంచి పైకి వర్తిస్తుంది. 00, 01, 02, 03 అంకెలకు మాత్రం వరుసగా 10, 12, 15, 17 మి.మీ. కంబైన్లో గింజను పైకి మోసే ఎలివేటరు చివర, షాఫ్టుల చివరల్లో ఎక్కువగా కనిపించేవి హౌసింగుతో (బేరింగును పట్టి ఉంచే గూడుతో) కలిసి వచ్చే యూసీ రకం బేరింగులు. యూసీ 207 అన్నా లోపలి కొలత 35 మి.మీ. అదే బేరింగు నాలుగు బోల్టుల చదరపు హౌసింగులో ఉంటే యూసీఎఫ్ 207, రెండు బోల్టుల కోలగా ఉండే హౌసింగులో ఉంటే యూసీఎఫ్ఎల్ 207, కాళ్ల మీద నిలబడే హౌసింగులో ఉంటే యూసీపీ 207 అవుతుంది. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. నంబరు తరువాత అడ్డగీత పెట్టి 20 అని ఉంటే అది అంగుళాల షాఫ్టుకు చెందినది. అంగుళాన్ని పదహారు భాగాలు చేసి లెక్కిస్తారు కాబట్టి 20 అంటే అంగుళంపావు, అంటే 31.75 మి.మీ. ఆ షాఫ్టుకు 35 మి.మీ. బేరింగు తెచ్చి, సందులో రేకు చుట్టి బిగిస్తే ఒక సీజను కూడా నడవదు, పైగా షాఫ్టు అరిగిపోతుంది. అరిగిన షాఫ్టును కొలిచేటప్పుడు బేరింగు కూర్చునే చోట కాకుండా, పక్కన అరగని చోట కొలవాలి.

ఆయిల్ సీలు మీద 35-52-7 వంటి మూడు కొలతలు అచ్చయి ఉంటాయి. మొదటిది షాఫ్టుది, రెండవది హౌసింగుది, మూడవది మందం. వి-బెల్టుల్లో బి రకం పై వెడల్పు 17 మి.మీ., సి రకానిది 22 మి.మీ. ఆ అక్షరం తరువాతి అంకె లోపలి పొడవును అంగుళాల్లో చెబుతుంది. పాత బెల్టు సాగి ఉంటుంది కనుక దాన్ని కొలిచి కొత్తది కొనకూడదు. బెల్టును బిగించే టెన్షన్ పుల్లీని సగం దూరానికి జరిపి పెట్టి, పుల్లీల చుట్టూ తాడు వేసి కొలిస్తే కావలసిన పొడవు సుమారుగా తెలుస్తుంది. రెండు మూడు బెల్టులు పక్కపక్కనే నడిచే చోట ఒక్కదాన్ని మారిస్తే, పొట్టిగా ఉన్న ఆ కొత్త బెల్టు మీదే బరువంతా పడి త్వరగా తెగుతుంది. అక్కడ అన్నింటినీ కలిపి మార్చాలి. వేగం మార్చే వేరియేటరు బెల్టు మాత్రం వేరు జాతి. దాని పై వెడల్పు, మందం, అంచుల వాలు, పొడవు నాలుగూ కలిస్తేనే పనిచేస్తుంది.

రోలరు చైనుకు పిచ్ చూడాలి. ఒక పిన్ను మధ్య నుంచి తరువాతి పిన్ను మధ్య వరకు ఉండే దూరాన్ని పిచ్ అంటారు. 08బి చైనుకు అది 12.7 మి.మీ., 10బికి 15.875, 12బికి 19.05, 16బికి 25.4 మి.మీ. చైను అరుగుదల కూడా దీనితోనే తెలుస్తుంది. కొత్త 16బి చైనులో 20 పిచ్‌ల పొడవు 508 మి.మీ. ఉంటుంది. బిగువుగా పట్టుకుని కొలిచినప్పుడు అది 523 మి.మీ. దాకా వస్తే చైను మూడు శాతం సాగిందని అర్థం. ఇక దాన్ని ఉంచితే పళ్లచక్రాన్ని కూడా తినేస్తుంది.

ఇంత రాసుకున్నాక చెన్నైలో తిరగడం తేలిక. బేరింగులు, బెల్టులు, చైన్లు, సీళ్లు ప్యారిస్ కార్నర్ ప్రాంతంలోని సెంబుదాస్ వీధి, లింగిచెట్టి వీధుల్లో దొరుకుతాయి. పని దినాన ఉదయమే వెళ్లండి, పాత పార్టును తుడిచి శుభ్రం చేసి వెంట తీసుకెళ్లండి. కొత్త వాహన భాగాలకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, వాడిన వాటికి పుదుపేట ఉన్నాయి. పుదుపేటలో పోత ఇనుప కవర్లు, స్టార్టరు బాడీలు, స్టీరింగ్ బాక్సులు, బ్రాకెట్ల వంటివి చూసుకుని కొనవచ్చు. బేరింగులు, సీళ్లు, బ్రేకు భాగాలు, బెల్టులు మాత్రం వాడినవి ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. బేరింగు పెట్టె మీద పెద్ద కంపెనీ పేరు ఉన్నంతమాత్రాన నమ్మకూడదు. నకిలీలు ఎక్కువ కాబట్టి అధికారిక డీలరు దగ్గర బిల్లుతో కొనడం క్షేమం.

ఇంజను విషయంలో మీరు అదృష్టవంతులు. 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో పేరు మార్చుకున్న అశోక్ లేలాండ్ ఇంజన్లే పంజాబు కంబైన్లలో చాలావాటికి ఉన్నాయి. అవి లారీ ఇంజన్ల కుటుంబానికి చెందినవే కనుక పిస్టన్లు, లైనర్లు, గాస్కెట్లు లారీల పార్టుల దుకాణాల్లో దొరికే అవకాశం ఎక్కువ. అయితే అడిగేటప్పుడు కంబైను పేరెత్తకుండా, ఇంజను మీద చెక్కిన నంబరును, పలక మీది రకాన్ని చెప్పండి. డీజిలు పంపు మీద మైకో అన్న పేరు కనిపిస్తే, ఆ బెంగళూరు కంపెనీ 2008 నుంచి బాష్ లిమిటెడ్ అయిందని గుర్తుంచుకుని బాష్ సర్వీసు కేంద్రంలో అడగాలి. పంపును కాలిబ్రేషన్ బెంచి మీద పరీక్షించిన చీటీ లేకుండా వెనక్కి తీసుకోవద్దు. పేర్లు ఇలా మారిన సందర్భాలు కంబైన్లలోనూ ఉన్నాయి. స్వరాజ్ కంబైన్లు తయారుచేసిన పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి వచ్చింది. పాత పేరుతో వెతికి దొరకలేదని నిరాశపడేవారు ఈ సంగతి గమనించాలి.

ఇక కంపెనీకే ప్రత్యేకమైనవి మిగులుతాయి. గేరుబాక్సు కవరు, గింజ రాల్చే డ్రమ్ము షాఫ్టు, ఆ డ్రమ్ము కింద ఉండే కాంకేవ్ జాలి, గడ్డిని కుదిపి వెనక్కి పంపే వాకర్ల క్రాంకు, వేరియేటరు పుల్లీ వంటివి ఇందులోకి వస్తాయి. వీటి కోసం చాసిస్ నంబరు పలక ఫోటోతో కంపెనీకి నేరుగా రాయండి. కంబైన్ల తయారీకి పేరు పడిన ఊళ్లు పంజాబులో నాభా, భాదసోం, బర్నాలా, మలేర్‌కోట్లా. ఆ ఊళ్లలో కంపెనీ డీలరు దగ్గర లేని పాత మోడళ్ల భాగాలు కూడా విడిగా అమ్మేవారు ఉంటారు, లారీ పార్సిలులో పంపుతారు. అక్కడా దొరకకపోతే షాఫ్టును గానీ గేరును గానీ అంబత్తూరు, గిండీ పారిశ్రామిక వాడల్లోని వర్క్‌షాపుల్లో చేయించవచ్చు. అప్పుడు విరిగిన భాగంతో పాటు దానితో జతగా నడిచే భాగాన్ని కూడా ఇవ్వాలి. ఏ ఉక్కుతో చేస్తున్నారో బిల్లులో రాయించుకోవాలి. మామూలు షాఫ్టుకు ఈఎన్ 8 సరిపోతుంది, దెబ్బలు తినే షాఫ్టుకు ఈఎన్ 24 అడగండి. డ్రమ్ము షాఫ్టును మాత్రం అతుకు పెట్టి వెల్డింగు చేయించవద్దు. నిమిషానికి ఆరేడు వందల సార్లు తిరిగే బరువు అది. విరిగితే పక్కనున్న మనిషి ప్రాణానికే ముప్పు.

నాకు తోచే మరో మంచి మార్గం, మీ చుట్టుపక్కల అదే మోడలు ఉన్న ఇద్దరు ముగ్గురు యజమానులు కలిసి, ఇంజను పోయి మూలపడిన అదే మోడలు మిషనును ఒకటి కొని పంచుకోవడం. పోత భాగాలకు అంతకంటే చవకైన గిడ్డంగి ఉండదు. చాసిస్ చట్రం పగిలి వంకరపోయినా, గేరుబాక్సు కవరు పగిలి దానికి బదులు ఎక్కడా దొరకకపోయినా అప్పుడు అమ్మకం గురించి ఆలోచించండి. బేరింగుల కోసం మాత్రం మిషనును అమ్ముకోవద్దు.

ప్రశ్న: మా పాత కంబైనులో కోసిన వడ్లలో నూక ఎక్కువగా వస్తోందని మిల్లువారు ధర తగ్గిస్తున్నారు. డ్రైవరేమో డ్రమ్ము స్పీడు తగ్గిస్తే గింజ గడ్డిలో పోతుందని అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, పొన్నేరి

జవాబు: ఇద్దరి మాటా నిజమే. అసలు దోషం డ్రమ్ము మీది రాస్ప్ బార్లలో ఉండి ఉంటుంది. బారు మీద ఏటవాలుగా ఉండే గీట్లు కంకిని రుద్ది గింజ రాలుస్తాయి. వరిగడ్డిలోనూ పొట్టులోనూ ఉండే సిలికా ఇసుకలా రాపిడి చేస్తుంది కనుక వరి కోసే మిషన్లలో ఆ గీట్లు త్వరగా నున్నబడతాయి. అప్పుడు గింజ రాలడం తగ్గుతుంది. డ్రైవరు దాన్ని సరిచేయడానికి స్పీడు పెంచి, కాంకేవును దగ్గరకు బిగిస్తాడు. రుద్ది రాల్చవలసిన గింజను కొట్టి రాల్చడం మొదలవుతుంది. నూక అక్కడి నుంచి వస్తుంది.

ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాక, డ్రమ్ము మూత తీసి బారును వేలితో తడిమి చూడండి. గీటు అంచు గోటికి తగలకుండా జారిపోతే బార్లు మార్చవలసిందే. బార్లలో ఎడమ గీట్లవి, కుడి గీట్లవి అని రెండు రకాలు ఉంటాయి. అవి ఒకటి విడిచి ఒకటి రావాలి, లేకపోతే పంట అంతా డ్రమ్ములో ఒక పక్కకు చేరుతుంది. ఒక్క బారు పాడైనా దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని కూడా కలిపి, రెండింటినీ తూకం వేసి సమానమైన బరువువే బిగించాలి. బరువు తేడా వస్తే డ్రమ్ము అదిరి, రెండు చివరల బేరింగులు పోతాయి. బోల్టులు 8.8 గ్రేడువి వాడాలి, గంట సేపు నడిపి మళ్లీ బిగించాలి.

తరువాత స్పీడు. డ్రమ్ము అంచు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరిగితే వరికి బాగుంటుంది. 60 సెం.మీ. వ్యాసం ఉన్న డ్రమ్ముకు ఇది నిమిషానికి 640 చుట్లకు దగ్గరగా వస్తుంది. మీటరును నమ్మకుండా, షాఫ్టు చివర టాకోమీటరుతో చూడండి, ఎందుకంటే పాత మిషన్లలో మీటరు కేబులు చాలాకాలం క్రితమే తప్పు చెప్పడం మొదలుపెట్టి ఉంటుంది. గింజలో తేమ 20 నుంచి 25 శాతం ఉన్నప్పుడు కోస్తే నూక తక్కువ. బాగా ఎండిన చేనును మిట్టమధ్యాహ్నం కోస్తే ఎంత మంచి మిషనైనా నూక చేస్తుంది. ఇంకొక చోటు కూడా చూడండి. జల్లెడ సరిగా తెరవకపోతే బాగున్న గింజే తిరుగు ఎలివేటరులో మళ్లీ డ్రమ్ములోకి వచ్చి పగులుతుంది. ఆ ఎలివేటరు మూత తీసి పిడికెడు పట్టి చూస్తే అందులో శుభ్రమైన గింజ ఎక్కువగా ఉందో, కంకి ముక్కలు ఉన్నాయో వెంటనే తెలుస్తుంది.

గింజ గడ్డిలో పోతుందన్న డ్రైవరు భయాన్ని మాటలతో కాక లెక్కతో తేల్చండి. మిషను వెళ్లిన వెనుక గడ్డి వరుసను పక్కకు తీసి, ఒక చదరపు మీటరులో పడిన గింజలను ఏరి లెక్కపెట్టండి, కోతకు ముందే రాలిన గింజలను ఆ పక్కన కోయని చేలో చూసి తీసివేయండి. సాంబ మసూరి వంటి సన్న రకంలో దాదాపు 70 గింజలు, లావు రకంలో సుమారు 40 గింజలు ఒక గ్రాము తూగుతాయి. కటరు వెడల్పు 14 అడుగులు, గడ్డి వదిలే వెడల్పు నాలుగు అడుగులు అయితే, 14 అడుగుల నష్టమంతా నాలుగు అడుగుల్లోనే కనిపిస్తుంది. కాబట్టి వచ్చిన తూకాన్ని మూడున్నరతో భాగించాలి. సన్న రకంలో వరుస కింద చదరపు మీటరుకు 245 గింజలు కనిపించాయనుకుందాం. అది మూడున్నర గ్రాములు. భాగిస్తే చేనంతటికీ చదరపు మీటరుకు ఒక గ్రాము, ఎకరానికి నాలుగు కిలోలు. చూసేవారికి గింజలు కుప్పగా పోయినట్టు కనిపించినా నష్టం ఇంతే. నూక వల్ల మిల్లులో తగ్గే ధరతో దీన్ని పోల్చి చూసుకుని స్పీడు నిర్ణయించుకోండి.

ప్రశ్న: వాకర్లలో కర్ర బేరింగులు ఉన్నాయి. టకటకమని చప్పుడు వస్తోంది. వాటి బదులు బాల్ బేరింగులు వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, గుమ్మిడిపూండి

జవాబు: వద్దు. దుమ్ము, పొట్టు నిండే ఆ చోట కర్ర దిమ్మలే మేలు, అవి తక్కువ ఖర్చులో అరిగి, ఖరీదైన క్రాంకును కాపాడతాయి. గ్రీజు కూడా పూయవద్దు. గ్రీజుకు అంటుకున్న దుమ్ము సానరాయిలా పనిచేసి క్రాంకును కోస్తుంది. బాగా ఎండిన శీశం వంటి గట్టి కర్రతో దిమ్మలు చేయించి, సన్నని సెగ మీద నూనెలో ఉంచితే కర్రలోని గాలి, తడి బుడగలుగా పైకి వస్తాయి. బుడగలు ఆగిపోయాక మంట తీసి, నూనె చల్లారేదాకా దిమ్మలను అందులోనే ఉంచాలి, చల్లారేటప్పుడే కర్ర నూనెను లోపలికి పీల్చుకుంటుంది. ఈ పని గడ్డివాముకు, ఇంటికి దూరంగా, ఆరుబయట చేయండి. ఒక వాకరు దిమ్మలు మార్చి తక్కినవి వదిలేస్తే చప్పుడు తగ్గదు, అన్నీ ఒకేసారి మార్చాలి.

ప్రశ్న: మా చైన్ మిషనుకు (టైర్లకు బదులు ట్రాకుల మీద నడిచేదానికి) రబ్బరు ట్రాకు పగిలింది. పాత మోడలు కావడంతో కొలత ఎవరూ చెప్పడం లేదు.
– ఒక పాఠకుడు, ఊత్తుకోట

జవాబు: ట్రాకు లోపలి వైపు మూడు అంకెలు అచ్చయి ఉంటాయి. 500-90-51 అని ఉంటే వెడల్పు 500 మి.మీ., పిచ్ 90 మి.మీ., లింకులు 51. అచ్చు చెరిగిపోతే వెడల్పును, ఒక ఇనుప దిమ్మ మధ్య నుంచి తరువాతి దిమ్మ మధ్య వరకు ఉండే దూరాన్ని కొలిచి, లింకులు లెక్కపెట్టుకోండి. దిమ్మల ఎత్తు, మధ్య ఖాళీ కూడా రాసుకోవాలి, ఎందుకంటే మూడు అంకెలూ కలిసినా రోలరు దారి కలవక ట్రాకు జారే మిషన్లు ఉన్నాయి. పళ్లచక్రం పళ్లు సూదిగా అరిగి ఉంటే ముందు దాన్ని మార్చాకే కొత్త ట్రాకు వేయండి.

ప్రశ్న: మా ఊరు పులికాట్ సరస్సుకు దగ్గర. నవరై పంట కోత అయ్యాక మిషను నెలల తరబడి షెడ్డులో ఉంటుంది. ప్రతిసారీ బయటికి తీయగానే ఏదో ఒకటి పాడై ఉంటోంది. ఎలా ఉంచాలి?
– ఒక పాఠకుడు, పళవేర్కాడు

జవాబు: ఉప్పుగాలికి తోడు లోపల మిగిలిన గడ్డి, పొట్టు తేమను పట్టి ఉంచడం వల్లనే మీ మిషను పాడవుతోంది. షెడ్డులో పెట్టే ముందు అన్ని మూతలూ తెరిచి, ఖాళీగా కొంతసేపు నడిపి, ఇంజను ఆపాక గాలి గొట్టంతో మూలమూలా శుభ్రం చేయించండి. ఎలివేటరు అడుగున, గింజల ట్యాంకు మూలల్లో, జల్లెడ కింది రేకులో నిలిచిన గింజలు ఎలుకలను పిలుస్తాయి. అవి గింజ తిన్నాక వైర్లు కొరుకుతాయి. పొగగొట్టం చుట్టూ పేరుకున్న పొట్టును వచ్చే కోతలోనూ ప్రతి సాయంత్రం తీయించాలి, చేలలో కంబైన్లు తగలబడడానికి అదొక ముఖ్య కారణం.

నీళ్లతో కడిగితే బేరింగుల మీద గొట్టం పెట్టకుండా, కడిగాక ఎండలో నడిపి ఆరబెట్టి, అప్పుడే ప్రతి నిపుల్‌కు కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టించండి. సీలు ఉన్న బేరింగుకు మాత్రం రెండు మూడు పంపులు చాలు, ఎక్కువైతే సీలు బయటికి వస్తుంది. బెల్టులు వదులు చేసి ఉంచాలి. కటరు బార్‌కు, తుప్పు పట్టే నున్నని ఇనుముకు గ్రీజు పూయాలి కానీ, పుల్లీల లోపలి గాడిలో పూయకూడదు. వాడిన ఇంజను ఆయిలు మిషనంతా చల్లే అలవాటు మన ప్రాంతంలో ఉంది. అది బెల్టులను, రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది కనుక మానుకోండి.

కటరు బార్‌ను నేల మీది దిమ్మల మీదకు దించి ఉంచితే హైడ్రాలిక్ సిలిండరు రాడ్డు లోపలికి వెళ్లి, దాని క్రోమియం పూతకు ఉప్పుగాలి తగలదు. రాడ్డు మీద చిన్న తుప్పు మచ్చ పడినా అది సీలును కోసి, సీజనంతా ఆయిలు కారేలా చేస్తుంది. కటరు బార్‌ను పైకెత్తి దాని కిందకు దూరవలసి వస్తే, సిలిండరుకు లాకు పెట్టకుండా ఎవరినీ వెళ్లనివ్వకండి. డీజిలు ట్యాంకు నిండుగా ఉంచితే లోపల నీటి చెమ్మ పట్టదు. బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టి నెలకొకసారి చార్జి చేయించండి, టైర్ల మీద బరువు పడకుండా ఇరుసు కింద దిమ్మలు పెట్టించండి.

షెడ్డులో వెల్డింగు పని చేయించేటప్పుడు బ్యాటరీ వైరు తీసి, ఎర్తు క్లాంపును వెల్డింగు చేసే చోటికి పక్కనే పెట్టించాలి. క్లాంపు దూరంగా, చట్రం ఆ చివర ఉంటే కరెంటు బేరింగుల గుండా వెళ్లి బాల్స్ మీద మచ్చలు పెడుతుంది. అప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించిన బేరింగు కోత మొదలైన కొద్ది రోజులకే అరుస్తుంది. మీరు బయటికి తీయగానే పాడైనట్టు కనిపించే బేరింగులు వెల్డింగు జరిగిన వైపే ఉన్నాయేమో ఒకసారి గమనించి చూడండి. మిషను షెడ్డులో ఉన్న ఈ సమయంలోనే కటరు బ్లేడ్లు విప్పి విరిగినవి, మొద్దుబారినవి మార్పించవచ్చు. చాలా కంబైన్లలో బ్లేడు పిచ్ 76.2 మి.మీ. కాబట్టి అవి ఏ వ్యవసాయ పరికరాల దుకాణంలోనైనా దొరుకుతాయి. బిగించాక చేత్తో పుల్లీని తిప్పి చూస్తే, బారు చివరిదాకా జరిగినప్పుడు ప్రతి బ్లేడు మధ్యభాగం గార్డు (బ్లేడు ముందు వేలిలా ఉండే ఇనుము) మధ్యకు రావాలి. రాకపోతే బారును నడిపించే చివర, అంటే తలకాయ దగ్గర సరిచేయించి అప్పుడే కోతకు దించండి.